అరికాళ్ల మంటలతో మూడేళ్లు

మాది కడప. ఇరవై ఏళ్లుగా ఇంట్లోనే జాకెట్లు కుడుతున్నాను. షుగర్ వచ్చి పన్నెండేళ్లయింది. మూడేళ్ల కిందట చలికాలంలో ఉన్నట్టుండి పాదాలు చల్లగా అనిపించడం మొదలైంది. మేజోళ్లు వేసుకున్నా, దుప్పటి కప్పుకున్నా లోపలి చలి పోదు. మా ఇంటాయన పట్టుకు చూసి, "వెచ్చగానే ఉండాయి కదా" అన్నాడు.

ఎండలు ముదిరేసరికి అదే చోట మంట పుట్టింది. పగలు పనిలో పడితే అంతగా తెలిసేది కాదు. రాత్రి నడుం వాల్చితే చాలు, అరికాళ్లకు పచ్చిమిరపకాయ నూరి పూసినట్టు ఉండేది. దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేకపోయేదాన్ని. మా ఇంట్లో నేలంతా కడప బండలే. మంచం దిగి బండ మీద పాదాలు ఆనించి, ఆ చోటు వెచ్చబడగానే పక్క బండకు జరుగుతూ తెల్లవారేదాకా కూర్చున్న రాత్రులు ఎన్నో.

"ఒంట్లో వేడి చేసింది" అన్నారు అందరూ. సబ్జా గింజలు, మజ్జిగ, అరికాళ్లకు ఆముదం, గోరింటాకు అన్నీ అయ్యాయి. గోరింటాకు తడి ఉన్నంతసేపే హాయి. దగ్గర్లో చూపించుకుంటే నొప్పి మాత్రలు ఇచ్చారు. వాటితో కడుపులో మంట కూడా తోడైంది. ఈ రకం మంటకు మామూలు నొప్పి మాత్రలు పెద్దగా పనిచేయవని, షుగర్ ఉన్నవాళ్లు వాటిని అదేపనిగా మింగితే కిడ్నీలకు చేటని తర్వాతే తెలిసింది.

మరుసటి ఏడు ఉగాదికి దేవుని కడప వెంకన్న గుడికి వెళ్లాం. ఆ రోజు ముస్లింలు కూడా స్వామి దర్శనానికి వస్తారు, జనం బాగా ఉంటారు. బయటికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. బండలు కాలుతున్నాయని మా పాప ఎగురుకుంటూ పరుగెత్తింది. నేను మామూలుగా నడిచాను. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే ఎడమ బొటనవేలి కింద రూపాయి బిళ్లంత బొబ్బ! రాత్రంతా నిప్పుల్లో పెట్టినట్టు మండే కాలికి, నిజంగా కాలే బండ తెలియలేదు. అప్పుడు వేసింది భయం.

షుగర్ చూసే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. కళ్లు మూసుకోమని, సన్నటి నైలాన్ దారం లాంటిది అరికాలిలో ఒక్కోచోట ఆనిస్తాను, తగిలితే చెప్పమన్నారు. ఇంకా మొదలుపెట్టలేదనుకుని నేను ఊరుకున్నాను. అప్పటికే నాలుగు చోట్ల ఆనించారట. ట్యూనింగ్ ఫోర్క్ అని, కొడితే అదిరే రెండు కొమ్ముల ఇనుప కడ్డీని మోగించి బొటనవేలి ఎముక మీద పెడితే ఏమీ తెలియలేదు, మోచేతి మీద పెడితే జిల్లుమంది. మూడు నెలల సగటు షుగర్ (హెచ్‌బీఏ1సీ) 9.6 శాతం ఉంది. బీ12 విటమిన్ కూడా బాగా తక్కువ. నేను వేసుకునే షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బీ12 తగ్గవచ్చట. పైగా నేను మాంసం ముట్టను.

ఒంట్లో అన్నిటికన్నా పొడవైన నరాలు పాదాలకు పోయేవే కాబట్టి దెబ్బ ముందు వాటికే తగులుతుందని చెప్పారు. దెబ్బతిన్న నరం వేడి లేకున్నా మంట అని కబురు పంపుతుంది, వేడి తగిలినప్పుడు కబురే పంపదు. కుట్టుమిషన్ తొక్కుతుంటే ఏడాదిగా కాలు ఎందుకు జారుతోందో అప్పుడు అర్థమైంది. అలసట అనుకున్నాను.

రాత్రికి నరాల మంట తగ్గించే ప్రీగాబాలిన్ మాత్ర, దాంతోపాటు బీ12 సూదులు రాశారు. మొదటి పదిరోజులు ఒకటే మత్తు. ఒక జాకెట్‌కు చేతులు తారుమారు చేసి కుట్టాను. మూడో వారానికి మత్తు తగ్గింది, నిద్ర పట్టింది. మంట పదికి ఎనిమిది ఉండేది, ఇప్పుడు మూడో నాలుగో. తగ్గింది కదా అని మాత్ర ఒక్కసారిగా మానకూడదని గట్టిగా చెప్పారు. మాత్ర మంటను అణుస్తుందే గానీ నరాన్ని బాగుచేయదు. నరం ఇంకా పాడవకుండా ఉండాలంటే షుగర్ అదుపులో ఉండాల్సిందే. ఇప్పుడు 7.2 ఉంది. మిషన్‌కు మోటారు పెట్టించాను. ఇంట్లో కూడా మెత్తటి రబ్బరు అడుగున్న ఎంసీఆర్ చెప్పులే. వేడినీళ్ల కాపడం మానేశాను, స్నానానికి నీళ్లు మోచేత్తో చూసుకుంటాను. ఈ ఉగాదికి తెల్లవారుజామునే మందపాటి నూలు మేజోళ్లతో గుడికి వెళ్లొచ్చాను.

నాకు అన్నిటికన్నా కష్టమైనది వేరే ఉంది. రోజూ పడుకునే ముందు అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోవాలి. నాకు వంగి చూసుకోవడం రాదు, అద్దం పెట్టినా కంటికి ఆనదు. మా ఇంటాయన చూస్తానన్నాడు. భర్త చేత కాళ్లు పట్టించుకోవడమా అని నేను లాగేసుకునేదాన్ని. "పాపకు జ్వరమొస్తే చూడమా, ఇదీ అంతే" అంటూ సెల్ టార్చి వేసి చూసేవాడు.

ఒక రాత్రి చూస్తూ చూస్తూ ఆగిపోయాడు. మడమలో విరిగిన గుండుసూది ముక్క. చుట్టూ రక్తం ఎండిపోయి ఉంది. ఎప్పుడు గుచ్చుకుందో నాకు తెలియనే లేదు. ఆ రాత్రి నుంచి కాళ్లు వెనక్కి లాక్కోవడం మానేశాను.