యాడి, బాటి, పాణి: మా తండా బడిలో చదువు నేర్పిన అనుభవం

నేను దేవరకొండ వైపు ఒక తండాలో ప్రాథమిక పాఠశాల టీచర్ని. బడిలో 23 మంది పిల్లలు, టీచర్లం ఇద్దరం. పిల్లలంతా ఇంట్లో గోర్ బోలి, అంటే లంబాడీ భాష మాట్లాడతారు. అమ్మ అంటే యాడి, నీళ్ళంటే పాణి, రొట్టె అంటే బాటి. లంబాడీ భాషకు సొంత లిపి లేదు. అందుకే ఆ పిల్లలు మాట నేర్చుకునేది ఒక భాషలో, అక్షరం దిద్దేది ఇంకో భాషలో.

2022 ఆగస్టులో, చదవడం, లెక్కలు నేర్పే ప్రభుత్వ కార్యక్రమం తొలిమెట్టు మొదలైనప్పుడు మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలు 14 మందిని ఒక్కొక్కరిగా పక్కన కూర్చోబెట్టుకుని చదివించాను. పల్లెల్లో పిల్లల చదువు స్థాయిని చూసే అసర్ సర్వేలో వాడే చదివే పరీక్ష కాగితం నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులో అక్షరాలు, పదాలు, నాలుగు వాక్యాల పేరా, ఒక కథ ఉంటాయి. కథ అంటే రెండో తరగతి స్థాయే. దాన్ని చదివినవాళ్ళు ఇద్దరు. పేరా దాకా వచ్చినవాళ్ళు ముగ్గురు. పదాల దగ్గర నలుగురు, అక్షరాల దగ్గర నలుగురు ఆగిపోయారు. ఒక బాబుకి అక్షరాలు కూడా రాలేదు.

ఐదో తరగతి పాప ఒకతి ‘మ’కీ ‘య’కీ తేడా పట్టలేకపోయింది. ఆ పిల్ల రెండో తరగతిలో ఉండగా కరోనాకి బడి మూసేశారు. మళ్ళీ తెరిచేసరికి నాలుగో తరగతి. తప్పు ఆ పిల్లది కాదు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

చుట్టుపక్కల బడుల టీచర్లం కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌లో ఒక టీచర్ గూగుల్ వాళ్ళ రీడ్ అలాంగ్ యాప్ చూపించారు. పిల్లలు ఫోన్‌లో కథ చూసి పైకి చదువుతుంటే దియా అనే బొమ్మ వింటుంది. ఆగిపోయిన పదం మీద వేలు పెడితే పలికి చూపిస్తుంది. కథలు ఒకసారి దింపుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తుంది. మా తండాలో సిగ్నల్ నీళ్ళ ట్యాంక్ దగ్గరే వస్తుంది కాబట్టి నాకు కావలసింది అదే. నా ఫోనూ, మా ఇంట్లో పాత ఫోనూ తీసుకుని మొదలుపెట్టాను.

మొదటి వారం గోల తప్ప ఏమీ లేదు. ఒకే గదిలో అందరి గొంతులూ కలిసిపోయి, యాప్‌కి ఎవరి మాటా సరిగా వినిపించలేదు. వేపచెట్టు కింద ఇద్దరేసి పిల్లల్ని కూర్చోబెట్టి, మైకున్న ఇయర్‌ఫోన్ పెట్టాక కుదిరింది. నెల తిరిగేసరికి పిల్లలకి యాప్‌లో బోలెడు స్టార్లు వచ్చాయి. నాకు ఎంతో సంతోషమేసింది. ఒకరోజు అదే కథలోంచి ఒక వాక్యం బోర్డు మీద రాసి చదవమన్నాను. నలుగురు చదవలేకపోయారు. పక్కన కూర్చుని చూస్తే అర్థమైంది. ప్రతి పదం మీదా వేలు పెట్టి దియా చేత చెప్పించుకుని, విన్నది తిరిగి చెబుతున్నారు. అది వినడం, చదవడం కాదు.

అదే వారం ఇంకోటి జరిగింది. ఫోన్‌లో ‘రొట్టె’ అనే పదం, పక్కన బొమ్మ. నాలుగో తరగతి బాబు గట్టిగా ‘బాటి’ అన్నాడు. యాప్ ఒప్పుకోలేదు. వాడు మళ్ళీ మళ్ళీ ‘బాటి’ అనే అన్నాడు. చివరికి నా వైపు తిరిగి, ‘టీచర్, ఇది బాటే కదా!’ అన్నాడు. వాడికి అర్థం తెలుసు. తెలియనిది ఆ అక్షరాలే. యాప్‌కి ఆ రెంటికీ తేడా తెలియదు, నాకు తెలియాలి. ఆ రోజు నుంచి ఫోన్‌ని రోజుకి పది నిమిషాలకే పరిమితం చేశాను. అదీ కాగితం మీద ఒకసారి చదివాక, సరిచూసుకోవడానికే.

కాగితం మీద చదివించే కథల కోసం ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లోకి వెళ్ళాను. తెలుగు కథలు బొమ్మలతో సహా ఉచితంగా ఉంటాయి. దింపుకుని ప్రింట్ తీసుకోవచ్చు, రాసినవాళ్ళ, బొమ్మలు వేసినవాళ్ళ పేర్లు ఉంచి మార్చుకోవచ్చు కూడా. నాలుగు స్థాయిలున్నాయి. ఒకటో స్థాయి కథలు మా పిల్లలకి సరిపోతాయనుకున్నాను. సరిపోలేదు. వేరే భాష నుంచి తెలుగులోకి వచ్చిన కథలో వాక్యం చిన్నదే అయినా ఒక్క పదంలోనే రెండు వత్తులు, ఒక సంయుక్తాక్షరం ఉంటాయి. ‘అకస్మాత్తుగా’ దగ్గరే పిల్లలు ఆగిపోతే మిగతా కథ ఎవరికి కావాలి? అందుకే స్థాయి అంకె వదిలేసి, పేజీకి ఎన్ని వత్తుల పదాలున్నాయో లెక్కపెట్టడం మొదలుపెట్టాను. రెండు దాటితే పక్కన పెట్టేదాన్ని, లేదా మాట మార్చేదాన్ని. ‘అకస్మాత్తుగా’ తీసి ‘గబుక్కున’ పెట్టినా ఒక వత్తు ఉంటుంది, కానీ ఆ మాట పిల్లల చెవికి తెలుసు.

మార్చిన కథల్ని కంప్యూటర్‌లో లిబ్రేఆఫీస్ అనే సాఫ్ట్‌వేర్‌లో మండలి ఫాంటుతో 28 సైజులో పెట్టాను. వరుసల మధ్య ఖాళీ తక్కువైతే పై వరుస వత్తు కింది వరుస గుడికి తగిలి, అది ఏ అక్షరానిదో పిల్లలకి తెలియదు. ఈ సంగతి మూడు పుస్తకాలు జిరాక్స్ తీయించాకే గమనించాను. ఆ కాగితాలు వెనక్కి తిప్పి లెక్కలకి వాడుకున్నాం.

తర్వాత చేసిన పనే నాకు అన్నిటికన్నా ఇష్టం. పిల్లల్ని లంబాడీల తీజ్ పండగ గురించి చెప్పమన్నాను. బుట్టల్లో గోధుమలు మొలకెత్తించడం, తొమ్మిది రోజులు నీళ్ళు పోయడం, ఆడపిల్లల పాటలు, అన్నీ ఒకరి మీద ఒకరు పడి చెప్పారు. సగం తెలుగు, సగం గోర్ బోలి. తెలుగు మాటల్ని ఫోన్‌లో వాయిస్ టైపింగ్‌తో పట్టుకున్నాను. గోర్ బోలి మాటల్ని అది తెలుగు మాటలుగా మార్చేస్తుంటే వాటిని చేత్తో టైప్ చేశాను. బొమ్మలు పిల్లలే వేశారు, ఫోటో తీసి పెట్టాను. ఎనిమిది పేజీల పుస్తకం. పైన తెలుగు వాక్యం, కింద అదే మాట వాళ్ళ భాషలో, తెలుగు అక్షరాలతో. ‘యాడి’, ‘పాణి’ అచ్చులో కనిపించిన రోజు, అక్షరాల దగ్గరే ఆగిన నలుగురూ ఆ పేజీ వదల్లేదు. ‘యాడి’లో ‘య’, ‘పాణి’లో ‘పా’, అక్కడి నుంచి ‘మ’కీ ‘య’కీ తేడా, ఆ ఐదో తరగతి పాపకి రెండు రోజుల్లో కుదిరింది. పుస్తకానికి నాకైన ఖర్చు 12 రూపాయలు.

మార్చిలో మళ్ళీ అదే కాగితంతో చదివించాను. 14 మందిలో కథ చదివినవాళ్ళు ఏడుగురు, పేరా నలుగురు, పదాలు ఇద్దరు. ఒకరు ఇంకా అక్షరాల దగ్గరే. ఆగస్టులో ఒక్క అక్షరమూ రాని బాబే అతను.

వాడు బడి ఎగ్గొట్టి కాదు. దసరా దాటగానే అమ్మానాన్నలు పనికి హైదరాబాద్ వెళితే వాడూ వెళ్ళాడు. వెళ్ళే ముందు వాళ్ళ నాన్న ఫోన్‌లో యాప్ వేసి ఇచ్చాను. సంక్రాంతికి తిరిగొచ్చాడు. ఫోన్ నాన్న దగ్గరే ఉండేదట, ఒక్కసారి కూడా తెరవలేదు. కానీ సంచిలోంచి తీజ్ పుస్తకం తీశాడు. అట్ట లేదు, మూడో పేజీ పోయింది. మిగతా పేజీలన్నీ వేలు పెట్టి గడగడా చెప్పాడు. కంఠతా వచ్చేసింది. నా దగ్గరున్న పుస్తకంలో ఆ మూడో పేజీ తెరిచి ముందు పెట్టాను. ‘పాణి’ దగ్గర వేలు ఆపి, ‘ఇది పాణి’ అన్నాడు. పైనున్న తెలుగు వాక్యంలో ‘పోశారు’ అని ఉంది. ‘పా’కి ‘పో’కి తేడా అడిగి, నా మొహం వంక చూశాడు. మర్నాడు ‘ప’ గుణింతంతో మొదలుపెట్టాం.