ఐదో వచనం, ఆరో వచనం

1986లో నేను ఎనిమిదో తరగతి, మెదక్ హాస్టల్లో ఉండేవాణ్ణి. ఆ వారం స్క్రిప్చర్ పీరియడ్‌లో నా వంతుకు వచ్చిన కంఠత వాక్యం బైబిల్లో తిమోతికి రాసిన మొదటి పత్రిక, రెండో అధ్యాయం, ఐదో వచనం: "దేవుడొక్కడే, దేవునికిని నరులకును మధ్యవర్తియు ఒక్కడే, ఆయన క్రీస్తుయేసను నరుడు." చిన్న వాక్యం కదా, గడగడా అప్పజెప్పేశాను. సారు కూర్చోమనలేదు.

"మధ్యవర్తి అంటే ఎవరురా?"

"పైరవీ చేసేటోడు సార్."

క్లాసంతా నవ్వింది. సారు నవ్వలేదు. "వాడు చూసింది వాడు చెప్పిండు. మీరు చూసిన మధ్యవర్తులు ఎవరో మీరూ చెప్పుండ్రి" అన్నారు. ఊరి పెద్దమనిషి, సంబంధాలు తెచ్చే మనిషి, పశువుల అంగట్లో తువ్వాల కింద వేళ్ళు పట్టుకుని బేరం కుదిర్చే దళారి... బోర్డు నిండిపోయింది. అన్నిటి కింద ఒక గీత గీసి, "వీళ్ళల్ల రెండు పక్షాలకూ సొంతమైనోడు ఎవరన్నా ఉన్నడా?" అని అడిగారు. ఎవ్వరం మాట్లాడలేదు.

నేను పైరవీ అన్నందుకు కారణం ఉంది. అప్పట్లో మా నాయినకూ పెద్దనాయినకూ పొలం గెట్టు దగ్గర తగాదా. రెండేళ్ళుగా మాటల్లేవు. పంచాయితీకి కూర్చున్న పెద్దమనిషి పొద్దున మా ఇంట్లో చాయ్ తాగేవాడు, సాయంత్రం పెద్దనాయిన ఇంట్లో తాగేవాడు. ఆయన తిరిగినకొద్దీ తగాదా ముదిరింది. మధ్యలో మనిషి ఉన్నంతకాలం అన్నదమ్ములు ఎదురుపడరని నాకు ఆ వయసులోనే అర్థమైంది. దేవుడికీ నాకూ మధ్య కూడా అలాంటివాడు ఒకడున్నాడంటే మనసు ఒప్పలేదు.

తర్వాతి నాలుగైదు పీరియడ్లు సారు ఆ ఒక్క వచనం మీదే ఉన్నారు. సిలబస్ ఏమైందో నాకు గుర్తులేదు. ఆ పీరియడ్లు మాత్రం బాగా గుర్తున్నాయి.

ముందు బైబిల్లోని యోబు దగ్గరికి తీసుకెళ్ళారు. పిల్లలు చనిపోయి, ఒళ్ళంతా కురుపులతో బూడిదలో కూర్చున్న మనిషి. దేవుడితో వాదించాలని ఉంది, కానీ ఎదుటివాడు తనలాంటి నరుడు కాడు. "మా యిద్దరిమీద చెయ్యి ఉంచదగిన మధ్యవర్తి మాకు లేడు" అంటాడు తొమ్మిదో అధ్యాయంలో. సారు తన రెండు చేతులూ చాచి, ముందు బెంచీలో చివరలకు కూర్చున్న ఇద్దరి భుజాల మీద వేయబోయారు. ఒక చెయ్యి అందితే రెండోది అందలేదు. "ఇదీ యోబు బాధ" అన్నారు. పూర్వం యోబు గ్రంథాన్ని గ్రీకులోకి మార్చినవాళ్ళు ఇక్కడ 'మెసితేస్' అనే మాట వాడారనీ, తిమోతి పత్రికలో ఉన్నదీ అదే మాటనీ చెప్పారు. యోబు లేడని ఏడ్చిన మధ్యవర్తి ఉన్నాడని ఈ పత్రిక చెబుతోంది. నా కంఠత వాక్యం వెనక అంత పాత ఏడుపు ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

తర్వాత సీనాయి కొండ. ఉరుములు, పొగ చూసి వణికిన ఇశ్రాయేలు జనం తమ నాయకుడు మోషేతో, నువ్వే మాతో మాట్లాడు, దేవుడు మాట్లాడితే మేము చచ్చిపోతాం అన్నారు. ఆ తర్వాత వాళ్ళ ఆరాధన గుడారం, అందులో దేవుడి సన్నిధి ముందు అడ్డతెర. లేవీయకాండం 16వ అధ్యాయం ప్రకారం ప్రధాన యాజకుడు ఒక్కడే, ఏడాదికి ఒక్క రోజే, బలి రక్తంతో ఆ తెర దాటి లోపలికి వెళ్ళాలి. ముందు తన పాపాల కోసం, తర్వాత జనం కోసం. మళ్ళీ ఏడాది మళ్ళీ అదే. యేసు సిలువ మీద ప్రాణం విడిచినప్పుడు దేవాలయపు తెర పైనుంచి కింది దాకా రెండుగా చిరిగిందని మత్తయి రాశాడు. "పైనుంచి" అన్న మాట కింద గీత గీయించారు సారు. మనిషి చింపితే కిందినుంచి కదా మొదలవుతుంది అన్నారు.

మా క్లాసులో ఒక ముస్లిం మిత్రుడు ఉండేవాడు. కోరుకుని ఈ పీరియడ్‌కు వచ్చి కూర్చునేవాడు. వాడు లేచి, "సార్, మేం సీదా అల్లానే అడుగుతం. మధ్యల ఇంకొకరు ఎందుకు?" అన్నాడు. సారు మందలించలేదు. మంచి ప్రశ్న అని, దగ్గరికి పిలిచి తన కుర్చీ పక్కన కూర్చోబెట్టుకున్నారు. దేవుడి చోటులోకి ఇంకొకరు రాకూడదన్న భయం మంచి భయమే, క్రైస్తవ సంఘం కూడా ఆ భయంతోనే శతాబ్దాలు వాదించుకుంది అన్నారు. క్రీస్తు దేవుడి కన్నా తక్కువ, మనకన్నా ఎక్కువ అయిన ఒక సృష్టి మాత్రమే అని అరియస్ అనే పాత కాలపు యాజకుడు బోధించాడు. 325లో నైసియాలో కూడిన సంఘ పెద్దల సభ అది కాదంది. 451లో కాల్సెడోన్ సభ ఆయన నిజంగా దేవుడు, నిజంగా మనిషి, ఒక్కడే వ్యక్తి అని చెప్పింది. "మధ్యల నిలబడ్డోడు అటూ ఇటూ కాని మూడోవాడైతే వాడు గోడ. రెండు పక్కలా సొంతమైతేనే అది తలుపు" అన్నారు. నా మిత్రుడు ఒప్పుకోలేదు, ఒప్పుకోవాలని సారు అడగలేదు. మా నమ్మకాన్ని చిన్నబుచ్చకుండా, వాడి నమ్మకాన్ని తక్కువ చేయకుండా ఆ పదమూడేళ్ళ పిల్లాడికి అంత జాగ్రత్తగా జవాబిచ్చిన మనిషిని తలుచుకుంటే ఈ రోజుకీ గౌరవంతో చేతులు జోడించాలనిపిస్తుంది.

ఒక శనివారం పొద్దున్నే మమ్మల్ని చర్చికి నడిపించుకెళ్ళారు. కరువు రోజుల్లో మిషనరీ పోస్నెట్ దొర జనానికి పని, తిండి ఇచ్చి కట్టించిన కేథడ్రల్, 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ జరిగింది. ఇవి మెదక్‌లో అందరికీ తెలిసినవే. రంగు అద్దాల కిటికీలు మాత్రం నేను అప్పటిదాకా సరిగ్గా చూడలేదు. సాయంత్రం ఆరాధనకు వెళ్తే అవి నల్లగా ఉంటాయి, పగటి వెలుతురు వెనకనుంచి పడితేనే బొమ్మ కనిపిస్తుంది. ఒక పక్క జననం, ఒక పక్క సిలువ, బలిపీఠం వెనక ఆరోహణం, అంటే యేసు పరలోకానికి ఎక్కిపోవడం. మేము సిలువ కిటికీ దగ్గరే నిలబడిపోతే సారు ఆరోహణం ముందుకు తీసుకెళ్ళారు. "ఆయన మనిషితనాన్ని అంగీ లెక్క విడిచి పోలేదు. చేతుల గాయాలతోనే పోయిండు. మన శరీరం ఉన్న మనిషి ఒకడు ఇప్పుడు తండ్రి దగ్గర ఉన్నడు, మన కోసం విజ్ఞాపన చేస్తున్నడు" అన్నారు. నా ఐదో వచనం చివర 'నరుడు' అన్న మాట ఎందుకుందో నాకు ఆ కిటికీ ముందు అర్థమైంది.

వేసవి సెలవులకు ఇంటికి వెళ్ళాను. ఆ ఎండాకాలమే మా గెట్టు పంచాయితీ తెగింది. తెంపింది ఆ పెద్దమనిషి కాదు, మా నాయనమ్మ. ఒక పొద్దున ఆమె ఇద్దరు కొడుకులనూ పొలం దగ్గరికి రమ్మని కబురు పెట్టింది. తన బతుకుదెరువుకని రాయించుకున్న పది గుంటలు ఉండేవి, ఆ వివాదపు గెట్టుకు ఆనుకునే. అందులోనుంచి ఎవరికి ఎంత తక్కువైందంటే అంత తీసుకోండి, గెట్టు అక్కడ వేసుకోండి అంది. ఒక చెయ్యి నాయిన చేతిని పట్టుకుంది, ఒక చెయ్యి పెద్దనాయినది. ఎవ్వరూ గట్టిగా మాట్లాడలేదు. పెద్దనాయిన కిందికి చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత మా నాయినను, "తమ్మీ, ఇంటికి పోదాం పా" అన్నాడు. ఆ రోజు నాయనమ్మ ఇద్దరికీ ఒకే గిన్నెలోంచి అన్నం పెట్టింది. ఆ పది గుంటలు మళ్ళీ ఆమెకు రాలేదు.

జూన్‌లో స్కూలు తెరిచిన మొదటి రోజే సారు దగ్గరికి పరుగెత్తాను. మొత్తం చెప్పాను. సారు, అప్పుడు మీరు బోర్డు మీద గీసిన గీత కింద రాయాల్సిన పేరు మా నాయనమ్మది అన్నాను. ఆయన నవ్వి నా తల నిమిరారు. కాసేపు ఆగి, ఒక్క తేడా ఉందిరా అన్నారు.

"మీ నాయినా పెద్దనాయినా ఒకరికొకరు అన్యాయం చేసుకున్నరు, మధ్యలకు అమ్మ వచ్చింది. దేవుని సంగతి అట్ల కాదు. అక్కడ తప్పు మనది, అన్యాయం జరిగింది ఆయనకు. అయినా మధ్యవర్తిని పంపింది ఆయనే. కోపంగా ఉన్న తండ్రిని కొడుకు బతిమాలి ఒప్పించిన కథ అనుకోకు. దేవుడే క్రీస్తులో ఉండి లోకాన్ని తనతో సమాధానపరచుకున్నడని పౌలు కొరింథీయులకు రాసిండు."

తర్వాత నా బైబిల్ తెరవమన్నారు.

"ఐదో వచనం అప్పజెప్పినవు. ఆరోది చదివినవా?"

చదవలేదు. ఆ వరండాలో నిలబడి చదివాను. "ఈయన అందరికొరకు విమోచన క్రయధనముగా తన్నుతానే సమర్పించుకొనెను." క్రయధనం, అంటే విడిపించడానికి ఇచ్చే వెల. దాని అర్థం ఏమిటని సారు నన్ను అడగలేదు. పొలం గట్టున నాయనమ్మ చేతులు నా కళ్ళ ముందే ఉన్నాయి.