పెదనాన్నను తుంగభద్రకు తెచ్చుకున్నాం

తెల్లవారుజామున అమెరికా నుంచి చెల్లెలు ఫోన్ చేసింది. పెదనాన్న పోయాడు. ఏడ్చి, కాసేపాగి, "అన్నా, తన అస్థికలు తుంగభద్రలోనే కలపమన్నాడు. ఏమేం కావాలో కనుక్కో" అంది. కర్నూలు దాటి పెద్దగా తిరగని నాకు అమెరికా కాగితాల సంగతి ఏం తెలుసు?

ఇద్దరం ఫోన్లోనే ఒక్కొక్కటీ నేర్చుకున్నాం. డెత్ సర్టిఫికెట్, దహనం చేసినట్టు ఇచ్చే సర్టిఫికెట్, పెదనాన్న పాస్‌పోర్టు. ఇవి పెట్టి భారత కాన్సులేట్ నుంచి అస్థికలు తీసుకెళ్ళడానికి అభ్యంతరం లేదన్న పత్రం తెచ్చుకోవాలి. పెద్దమ్మ అలవాటుకొద్దీ అప్లికేషన్‌లో ఇంటిపేరు ముందు రాసింది. పాస్‌పోర్టులో అది చివర ఉంది. తిరిగొచ్చింది. డెత్ సర్టిఫికెట్ కాపీలు చెల్లెలు రెండే తీసుకుంది. బ్యాంకుకొకటి, ఇన్సూరెన్సుకొకటి పోయేసరికి మళ్ళీ మొదటికొచ్చాం. ఎవరికైనా అవసరం పడితే మొదటిరోజే పది కాపీలు అడగండి.

ఇత్తడి కలశం సంగతి ఇంకోటి. చెల్లెలు ముచ్చటపడి మంచిది కొనింది. లోహపు పాత్రయితే ఎయిర్‌పోర్టు ఎక్స్‌రేలో లోపలిది కనబడదు, కనబడకపోతే లోపలికి పోనివ్వరు. మనమే తెరిచి చూడమన్నా అక్కడి సెక్యూరిటీ వాళ్ళు తెరవరట. చివరికి పెదనాన్న మామూలు చెక్కపెట్టెలో వచ్చాడు, చెల్లెలి ఒళ్ళో. సూట్‌కేసులో వేయడానికి ఆమెకు మనసొప్పలేదు.

ఆడంబరం ఆయనకూ గిట్టదు. 1964లో కర్నూలు మెడికల్ కాలేజీలో చేరాడు, అప్పటికి కాలేజీ పెట్టి ఏడెనిమిదేళ్ళే. 1965లో అమెరికా వలస చట్టం మారి దేశాలవారీ కోటాలు పోయాయి, అక్కడ డాక్టర్ల కొరత కూడా ఉంది. ఆయన బ్యాచ్‌లో చాలామంది అటే పోయారు. ఈయన 1972లో వెళ్ళాడు. ఇక్కడ చదువు చివర ఆస్పత్రిలో చేసిన హౌస్‌సర్జన్సీ అక్కడ లెక్కకు రాలేదు, మళ్ళీ మొదటి మెట్టు నుంచి ఎక్కాడు. ఆ కష్టం ఎన్నడూ చెప్పుకోలేదు. చెప్పిందల్లా చలి గురించే.

ఆదివారం ఫోన్ తప్పేది కాదు. ట్రంక్‌కాల్ రోజుల్లో కూడా. ఇద్దరు అత్తల పెళ్ళిళ్ళు, నా చదువు ఆయన డబ్బుతోనే జరిగాయి. 1987లో వచ్చినప్పుడు అవ్వ కోసం బీపీ మిషన్ తెచ్చి, నాకు చూడ్డం నేర్పించి పోయాడు. అప్పటినుంచి ఆదివారం మొదటి ప్రశ్న "ఎంతుందిరా?" అనే. నేను అబద్ధం చెబితే పట్టుకునేవాడు. పోయిన అవ్వ బీపీ కూడా ఒకసారి పొరపాటున అడిగాడు. ఇద్దరం మాట్లాడలేకపోయాం.

శంషాబాద్‌లో కస్టమ్స్ ఆయన కాగితాలు చూసి "ఏ ఊరమ్మా?" అన్నాడు. చెల్లెలు కర్నూలనగానే పొమ్మన్నాడు. దారిలో బీచుపల్లి వంతెన మీద కృష్ణ కనిపించింది, నీళ్ళు బాగానే ఉన్నాయి. "ఇక్కడ కలుపుదామా, అన్నా?" అంది చెల్లెలు. ఏప్రిల్ నెల, మన తుంగభద్ర పరిస్థితి నాకు తెలుసు. అయినా ఆయన కాలేజీ ఎగ్గొట్టి ఈత కొట్టింది ఇక్కడ కాదుగదా అన్నాను.

అనుకున్నట్టే కర్నూలులో ఇసుక, బండలు, మధ్యమధ్య మడుగులు. కర్మ చేయించే స్వామి పెట్టె తెరిచి, "ఎముకలేవి నాయనా?" అని నా వైపు చూశాడు. అక్కడ దహనమయ్యాక ఎముకల్ని పొడి చేసి ఇస్తారు. కవర్లో సన్నటి బూడిదరంగు పొడి. మనం చితి దగ్గర ఏరుకునే అలవాటున్నవాళ్ళం, నాకూ చూడగానే గుండె జారింది. స్వామి కాసేపు ఆలోచించి, "ఆయన ఎముకలే కదా ఇవి, కానీండి" అని పాలు పోయించాడు.

మోకాళ్ళలోతు మడుగులో నిలబడి చెల్లెలు వదిలింది. పొడి వెంటనే కరగలేదు, కాళ్ళ చుట్టూ తిరిగింది. కవరు అడుగున చిన్న లోహపు బిళ్ళ చేతికి తగిలింది, దానిమీద నంబరు. ఎవరి బూడిద ఎవరిదో తారుమారు కాకుండా దహనమప్పుడే వేస్తారట. "ఇది కూడా వేయాలా?" అంది. స్వామికీ తెలీదు.

పెద్దమ్మకు ఫోన్ చేస్తే నీళ్ళలో వేయొద్దంది. అటకమీద ఉండి 2009 వరదకు మిగిలిన ఆ పాత బీపీ మిషన్ పెట్టెలో ఇప్పుడది ఉంది.