టన్నా దీవిలో యాసూర్ అగ్నిపర్వతం చూసొచ్చాం, మొత్తం ప్రాసెస్, నా అనుభవం

అగ్నిపర్వతం అంచు మీద నిలబడి లోపల లావా ఎగరడం చూశాం అంటే జనం మమ్మల్నేదో పెద్ద ట్రెక్కర్లు అనుకుంటున్నారు. యాసూర్ విషయంలో ఎక్కడం అనేది పది పదిహేను నిమిషాల పని, కష్టమంతా ఆ దీవి దాకా చేరడంలోనే ఉంది. మేం బ్రిస్బేన్‌లో ఉంటాం, వెళ్ళొచ్చాక ఇక్కడి మనవాళ్ళు వీసా ఏంటి, ఎంతయింది, భయం వెయ్యలేదా అని అడుగుతూనే ఉన్నారు, అందుకే కూర్చుని అంతా రాస్తున్నా.

టన్నా ఉన్న వనువాటు అనే దేశం పేరు మనకి పెద్దగా తెలీదు గానీ 2025 మార్చిలో ఐపీఎల్ లలిత్ మోడీకి ఇచ్చిన పాస్‌పోర్ట్ రద్దు చేయమని ఒక ప్రధాని ఆర్డర్ వేశాడని న్యూస్‌లో మోగిపోయింది చూడండి, ఆ దేశమే. ఆస్ట్రేలియాకి తూర్పున ఎనభై పైచిలుకు దీవులు, 1980 దాకా బ్రిటిష్ వాళ్ళూ ఫ్రెంచ్ వాళ్ళూ ఇద్దరూ కలిసి ఏలారు. రాజధాని పోర్ట్ విలా, అక్కడి నుంచి దక్షిణంగా రెండొందల కిలోమీటర్లు వెళ్తే టన్నా. యాసూర్ ఎత్తు 361 మీటర్లే, కానీ కొన్ని వందల ఏళ్ళుగా ఆగకుండా పేలుతూనే ఉంది. 1774లో కెప్టెన్ కుక్ సముద్రంలోంచి దీని వెలుగు చూసి ఇటు వచ్చాడు, తీరా కొండ దగ్గరికి వెళ్ళబోతే అక్కడి జనం పోనివ్వలేదు.

అనుకున్న రోజే ఇంట్లో పంచాయితీ మొదలైంది. 2019 డిసెంబర్‌లో న్యూజిలాండ్ వైట్ ఐలాండ్‌లో టూరిస్టులు ఉండగానే పేలి 22 మంది చనిపోయారు కదా, ఆ వీడియోలు అమ్మ చూసింది. కాకినాడ నుంచి ఫోన్ చేసి "డబ్బులిచ్చి మరీ నిప్పుల్లోకి వెళ్తారటే ఎవరైనా, బుద్ధుందా మీకు" అని నన్ను తిట్టి, ఫోన్ ఆయనకివ్వమంది. మావారు "లేదండి అత్తయ్యగారూ, అన్నీ కనుక్కునే వెళ్తాం, ప్రమాదం అంటే పైకి పంపించరు" అని నచ్చజెప్పారు. నిజానికి ఆ మాటకి నేనూ ఒప్పుకోవాలని కూర్చుని చదివా. వైట్ ఐలాండ్‌లో భూమి లోపల నీళ్ళు ఆవిరై, ప్రెషర్ పెరిగిపోయి ఒక్కసారిగా పేలింది, పెద్దగా హెచ్చరిక లేకుండా. యాసూర్ అలా కాదు, దాని నోరు ఎప్పుడూ తెరిచే ఉంటుంది, లోపల లావాలో గ్యాస్ బుడగలు కలిసి పెద్దవై పైకొచ్చి, చిక్కటి అంబలి ఉడికేటప్పుడు బుడగ పగిలి చింది పడుతుందే, అలా కొన్ని నిమిషాలకోసారి పేలుతూ ఉంటాయి. ప్రెషర్ ఎప్పటికప్పుడు బయటికి పోతుంది. అలాగని ప్రమాదం లేదని కాదు, 1990ల్లో ఇక్కడా లావా ముద్దలు తగిలి మనుషులు పోయారు. అందుకే వాళ్ళ వాతావరణ, భూప్రమాదాల శాఖ సున్నా నుంచి ఐదు దాకా అలర్ట్ లెవెల్ పెట్టి బులెటిన్లు ఇస్తుంది. యాసూర్ మామూలుగా రెండులో ఉంటుంది, మూడుకి వెళ్తే పైకి దారి మూసేస్తారు. టికెట్లు కొనేముందు, బయల్దేరేముందు, అక్కడ దిగాక కూడా ఆ సైట్ చూడండి, ఇది మాత్రం తప్పకుండా చెయ్యండి.

ఇక పేపర్ల సంగతి. ఇండియన్ పాస్‌పోర్ట్‌కి వనువాటు టూరిస్ట్‌గా వెళ్ళడానికి ముందుగా వీసా తీసుకోవక్కర్లేదు, రిటర్న్ టికెట్ చూపించాలి. రూల్స్ మారుతుంటాయి కాబట్టి మీ టైమ్‌కి ఒకసారి చూసుకోండి. అసలు చూసుకోవాల్సింది ఆస్ట్రేలియా వైపు. టెంపరరీ వీసా మీద ఉన్నవాళ్ళు తిరిగి లోపలికి రావడానికి పర్మిషన్ ఉందో లేదో వీవోలో, అంటే మన వీసా వివరాలు చూపించే ప్రభుత్వ సైట్‌లో చెక్ చేసుకోవాలి, బ్రిడ్జింగ్ వీసా ఏ మీద (కొత్త వీసాకి అప్లై చేసి జవాబు కోసం చూసేటప్పుడు ఇచ్చే తాత్కాలిక వీసా) ఉంటే మాత్రం దేశం దాటితే తిరిగి రాలేరు, ముందు బ్రిడ్జింగ్ బి తీసుకోవాలి. మా ఫ్రెండ్స్‌లో ఒక జంట మాతో రావాల్సింది, వాళ్ళు ఈ కారణంగానే ఆగిపోయారు.

ట్రావెల్ ఇన్సూరెన్స్ టికెట్లు కొన్న రోజే తీసుకోండి. బూడిద వల్లో తుఫాను వల్లో ఫ్లైట్లు ఆగిపోయాయని వార్త వచ్చాక కొంటే ఆ సంఘటనకి కవర్ ఇవ్వరు. మెడికల్ ఎవాక్యుయేషన్ ఉందో లేదో చూడండి, ఎందుకంటే టన్నాలో లెనాకెల్ దగ్గర చిన్న ఆసుపత్రి ఉంది అంతే, పెద్ద కేసు అయితే పోర్ట్ విలాకో ఆస్ట్రేలియాకో తీసుకెళ్ళాలి. అగ్నిపర్వతం మీద నడక కవర్ అవుతుందా అని నేను ఈమెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకున్నా, అది చేతిలో ఉంటే ధైర్యంగా ఉంటుంది.

నెల విషయానికొస్తే మే నుంచి అక్టోబర్ మంచిది, నవంబర్ నుంచి ఏప్రిల్ తుఫాన్ల కాలం. 2015 మార్చిలో పామ్ తుఫాను టన్నా మీదుగా పోయినప్పుడు ఊళ్ళకి ఊళ్ళు కొట్టుకుపోయాయి, ఇప్పటికీ అక్కడివాళ్ళు ఏ కథ చెప్పినా పామ్‌కి ముందు, పామ్ తర్వాత అనే చెప్తారు.

బ్రిస్బేన్ నుంచి పోర్ట్ విలా మూడు గంటల లోపే. 2024 డిసెంబర్ 17న అక్కడ 7.3 తీవ్రతతో భూకంపం వచ్చింది, ఊరి మధ్యలో ఆ దెబ్బలు కనిపిస్తూనే ఉన్నాయి, పాపం బాగు చేసుకుంటూనే షాపులు నడుపుకుంటున్నారు. అక్కడే వటు నోట్లు సరిపడా మార్చుకోండి, టన్నాలో ఏటీఎం మీద ఆశ పెట్టుకోకూడదు, కార్డు తీసుకునే చోట్లు తక్కువ.

దేశం లోపలి ఫ్లైట్ దగ్గర మొదలైంది మా కథ. చిన్న విమానం, సామాను లిమిట్ తక్కువ, సామానుతో పాటు మనల్నీ కాటా మీద నిలబెట్టి బరువు రాసుకుంటారు. అన్నీ అయ్యాక ఈరోజు ఫ్లైట్ లేదన్నారు. ఎప్పుడుంటుందంటే రేపు రండి చూద్దాం అన్నారు. మాతో ఉన్న ఒక ముసలాయన, టన్నావాడే, కొబ్బరాకు బుట్టలో కోడిపిల్లలు పెట్టుకుని హాయిగా బెంచీ మీద పడుకున్నాడు, ఆయనకి ఇది అలవాటే. మాకు టెన్షన్ పెద్దగా లేకపోవడానికి కారణం మావారు రిటర్న్‌కి ముందు ఖాళీ రోజులు వదిలారు. ఇది ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి, టన్నా నుంచి తిరిగొచ్చే రోజునే బ్రిస్బేన్ ఫ్లైట్ పెట్టుకోవద్దు, పక్క రోజు కూడా వద్దు.

మర్నాడు ఎగిరాం, ముప్పావు గంట లోపే వైట్‌గ్రాస్ అనే చిన్న ఎయిర్‌పోర్ట్‌లో దించారు. అది దీవికి పడమర, కొండ తూర్పున, మధ్యలో జీపు ప్రయాణం. మా డ్రైవర్ అన్న సీజన్‌లో క్వీన్స్‌లాండ్ వచ్చి తోటల్లో పళ్ళు కోసే పని చేస్తాడట, అక్కడి బండాబర్గ్ ఊరి గురించి నాకంటే ఆయనకే ఎక్కువ తెలుసు. వాళ్ళ ముత్తాతని కూడా క్వీన్స్‌లాండ్ తీసుకెళ్ళారు, చెరుకు తోటల్లో కూలీగా, ఆ కాలంలో కొందర్ని మోసం చేసి, కొందర్ని బలవంతంగా ఓడలెక్కించేవాళ్ళు. నేను మా వైపు నుంచి కూడా మద్రాసు రేవులో ఓడలెక్కించి ఫిజీ చెరుకు తోటలకి పంపారు, ఇప్పటికీ అక్కడ తెలుగు సంఘాలున్నాయి అని చెప్పా. బండి ఆపి మరీ విన్నాడు. ఎన్నేళ్ళకి పంపారు, తిరిగొచ్చారా, జీతం ఇచ్చారా అని ఒకటే ప్రశ్నలు, ఆ తర్వాత నుంచి మమ్మల్ని టూరిస్టుల్లా చూడలేదు.

కొండ దిగువకి వచ్చేసరికి చెట్లన్నీ పోయి నల్లటి బూడిద మైదానం వస్తుంది, అక్కడ ఇదివరకు చెరువుండేది, 2000లో గండిపడి ఖాళీ అయిపోయింది. ఆ మైదానం మీద జీపు పోతుంటే చక్రాల శబ్దం కూడా మారిపోతుంది. మా బస ఆ పక్కనే వెదురు గుడిసెలో, కరెంట్ సోలార్ మీద కాసేపే. రాత్రంతా కొండ ఉరుముతూనే ఉంటుంది, పెద్దది పేలితే గోడ సన్నగా వణుకుతుంది.

మొదటి సాయంత్రం మమ్మల్ని పైకి పంపలేదు. లెవెల్ రెండే, కానీ గాలి మళ్ళింది, గ్యాస్ మనం నిలబడే వైపుకే వస్తోందన్నారు. మాతో ఉన్న కొందరు ఇంత దూరం వచ్చాం, కాసేపైనా వెళ్ళనివ్వండి అని గైడ్‌తో వాదనకి దిగారు, నాకు నచ్చలేదు. పుట్టినప్పటి నుంచీ ఆ కొండ కింద ఉన్నవాళ్ళు వద్దంటే వద్దు, అంతే, పైగా ఆ నేల వాళ్ళది.

ఆ సాయంత్రం మావారు ఊరి మగవాళ్ళతో నకమాల్‌కి వెళ్ళారు, అంటే మర్రిచెట్టు కింద అందరూ చేరి కావా తాగే చోటు. కావా మిరియాల జాతి మొక్క వేరు, ఇక్కడ కుర్రాళ్ళు దాన్ని నమిలి ఉమ్మేసి, ఆ ముద్దని నీళ్ళల్లో కలుపుతారు. ఆడవాళ్ళు ఆ టైమ్‌కి అటు వెళ్ళకూడదు, నేను వంటింట్లో ఆవిడ దగ్గర కూర్చున్నా. ఆవిడ ముళ్ళ కర్రతో చేమదుంప కోరుతుంటే నేనూ అందుకున్నా, ఆ ముద్దకి కొబ్బరిపాలు పోసి, ఆకుల్లో చుట్టి, కాల్చిన రాళ్ళ మధ్య పెట్టి పైన మళ్ళీ రాళ్ళు కప్పేస్తారు, లాప్‌లాప్ అంటారు. శాకాహారులకి ఇక్కడ ఇబ్బంది లేదు, దుంపలు, ఆకుకూర, అరటి, కొబ్బరి, కొబ్బరి. నేను పట్టుకెళ్ళిన ఆవకాయ ఆవిడకి కొంచెం పెడితే ఒక్క నిమిషం మాట్లాడలేదు, తర్వాత ఇంకొంచెం పెట్టమంది.

మర్నాడు గాలి కుదిరింది. కింద ఆఫీసులో పేర్లు రాసి ఫీజు కట్టాలి, మేం వెళ్ళినప్పుడు మనిషికి పది వేల వటుకి దగ్గర్లో, అంటే నూట పాతిక ఆస్ట్రేలియా డాలర్ల దాకా. తక్కువేం కాదు, కానీ ఆ నేల సొంతదారులకి వేరే పెద్ద ఆదాయం ఏముంది. హెల్మెట్ ఇచ్చి, పాట పాడి, గుంపులుగా విడగొట్టి జీపుల్లో పైదాకా తీసుకెళ్తారు, అక్కడ నిజంగానే పోస్ట్ డబ్బా కూడా ఉంది, ఉత్తరం వేస్తే వెళ్తుంది. గైడ్ చెప్పిన ముఖ్యమైన మాట, లావా ముద్ద మన వైపు ఎగిరితే వెనక్కి తిరిగి పరిగెత్తకూడదు, తలెత్తి దాన్నే చూస్తూ ఉండి, ఎక్కడ పడుతుందో తెలిశాక పక్కకి జరగాలి. నా కాళ్ళల్లో వణుకు మొదలైంది అక్కడే.

అంచుకి చేరేసరికి ఇంకా వెలుగుంది. కింద రెండు నోళ్ళు, ఒకదాంట్లో పొగ, ఒకదాంట్లో ఎర్రగా. పేలే ముందు ఒక క్షణం గాలి గుండె మీద నెట్టినట్టవుతుంది, తర్వాత చప్పుడు, తర్వాత ముద్దలు పైకి లేస్తాయి. పైకెళ్ళేటప్పుడు నారింజ రంగులో మెత్తగా సాగుతూ ఉంటాయి, దిగేటప్పటికి ముదురెరుపు, అవతలి గోడ మీద పడి తడి బంకమట్టి కొట్టినట్టు చప్పుడు చేస్తూ జారతాయి. చీకటి పడ్డాక వాటి లెక్క అందలేదు, అంతకుముందు కనపడనివి కూడా వెలుగుతాయి. మావారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు, నేను అరిచానట, నాకు తెలీదు. పంచభూతాలని చిన్నప్పటి నుంచి చదువుకున్నాం, భూమీ నిప్పూ ఒకటే అని అక్కడ కళ్ళారా చూశా, దణ్ణం పెట్టుకున్నా.

వెళ్ళేవాళ్ళకి ఇంకొన్ని. ఉబ్బసం ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా వెళ్ళొద్దు, గంధకం పొగ గొంతు పట్టేస్తుంది. కాంటాక్ట్ లెన్సులు వద్దు, కళ్ళజోడు పెట్టుకోండి, బూడిద కళ్ళల్లో పడుతుంది. పైన చలి గాలి, జాకెట్ కావాలి. తలకి కట్టుకునే లైటు, మూసి ఉన్న బూట్లు. బ్రిస్బేన్‌లో దిగేటప్పుడు నింపే కార్డు మీద బూట్లకి మట్టి ఉందని డిక్లేర్ చెయ్యండి, మేం అక్కడే బ్రష్‌తో కడుక్కుని వచ్చినా చెప్పేశాం, తిప్పి చూసి రెండు నిమిషాల్లో పంపించేశారు. రాళ్ళు మాత్రం సంచిలో వేసుకురాకండి.