మలుపు దగ్గర ఉంటా

ఈ రోజు సైకిళ్ళ మీద ఘాట్ రోడ్డు ఎక్కాం, మా ఫ్రెండూ నేనూ. కలిసి ఎక్కామని రాయడానికి మనసొప్పడం లేదు. బయల్దేరింది కలిసే, పైకి చేరాక ఫొటో దిగిందీ కలిసే. మధ్యలో ఎవరి తిప్పలు వాళ్ళవి.

చదునులో ఉన్నంతసేపూ కబుర్లే కబుర్లు. ఎత్తు మొదలవగానే మాటలు పొట్టివయ్యాయి, తర్వాత ఊఁ, ఆఁ, ఆ తర్వాత అవీ లేవు. చదునులో అయితే వాడి వెనక నక్కి ఎదురుగాలి తప్పించుకుంటాను. గంటకు 7, 8 కిలోమీటర్ల వేగంలో గాలిదేముంది, కిందికి లాగేది సొంత బరువే. 100 మీటర్లకు 10 మీటర్లు లేచే రోడ్డు మీద ఎవరి బరువు వాళ్ళు మోసుకోవాల్సిందే. మలుపుల్లో లోపలి అంచు మరీ నిట్టనిలువు. బండ్లేవీ రావడం లేదని చూసుకుని కాస్త వెడల్పుగా తిప్పితే, ఆ నాలుగు తొక్కులైనా ఊపిరి ఆడుతుంది.

"మలుపు దగ్గర ఉంటా రా" అని వాడు వెళ్ళిపోయాడు. నేను రొప్పుకుంటూ చేరేసరికి పిట్టగోడ మీద కూర్చుని తీరిగ్గా నీళ్ళు తాగుతున్నాడు. కాలు కింద పెట్టానో లేదో, "పోదామా?" అంటూ లేచాడు. వాడి విశ్రాంతి అయిపోయింది, నాది మొదలే కాలేదు. తర్వాతి మలుపులోనూ ఇదే వరస. అలిసినవాడికి తక్కువ, అలవనివాడికి ఎక్కువ. ఇదేం న్యాయమో!

ఇక ఆగలేక అడిగేశాను. "కాస్త నెమ్మదిగా తొక్కితే నీ సొమ్మేం పోయింది రా?"

"నెమ్మదిగా తొక్కలేను రా బాబూ, ఇటు చూడు" అంటూ వెనక చక్రం చూపించాడు.

ఇద్దరికీ ముందు, పెడల్ దగ్గరి పళ్ళచక్రానికి 34 పళ్ళే. వెనక నా పెద్ద గేరుకు 34 పళ్ళు, వాడిదానికి 28. నా పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒక చుట్టే తిరుగుతుంది, అంటే సుమారు 2.1 మీటర్లు. వాడి బండి అదే చుట్టుకు రెండున్నర మీటర్లు పోతుంది. నేను నిమిషానికి 60 చుట్లు తొక్కే చోట నాతో సమానంగా రావాలంటే వాడు 50 చుట్లే తొక్కాలి, ప్రతి తొక్కూ మోకాళ్ళ మీద భారం వేసి. అందుకా, వెనక నుంచి చూస్తుంటే సీటు మీంచి లేచి భుజాలు అటూ ఇటూ ఊపుతూ, చైన్ కిర్రుమంటుంటే ఏదో కొంపలంటుకున్నట్టు పోయేది! నేనేమో వాడు ఫోజు కొడుతున్నాడనుకున్నాను.

"మరి నాలాంటిదే వేయించుకోవచ్చుగా?"

వాడి డీరెయిలర్, అదే గేర్లు మార్చే భాగం, పొట్టిదట, 34 పళ్ళది పట్టదట. "నువ్వే 28 వేయించుకో, ఇద్దరం కలిసే చద్దాం" అన్నాడు.

గేర్ల సంగతి ఎత్తితే వాడికి లోకం తెలీదు. ఏది మారిస్తే ఏది పడుతుందో చెప్పుకుంటూ పోయాడు. నేను పిట్టగోడకు జారబడి, కాళ్ళు బారచాపుకుని, చాలా శ్రద్ధగా విన్నాను.

పై మలుపులో టైర్ల గురించి అడిగాను.