అలుమ్ని అవార్డులు, శాలువాలు, మా ల్యాబ్ అటెండర్

మా డిగ్రీ కాలేజీ అలుమ్ని అసోసియేషన్, అంటే పూర్వ విద్యార్థుల సంఘం వాళ్లు ఈసారి నన్ను అవార్డుల కమిటీలో వేశారు. పెద్ద గౌరవం అనుకునేరు, అదేం కాదు, జనరల్ బాడీ మీటింగ్‌కి ఎవరు రాలేదో వాళ్ల పేర్లన్నీ కమిటీల్లో రాసేసుకున్నారంతే. అవార్డులు మూడు రకాలు: సేవకి ఒకటి, సాధించినదానికి ఒకటి, కాలేజీకి తిరిగి ఇచ్చినందుకు ఒకటి. గూగుల్ ఫామ్ ఒకటి చేసి వాట్సాప్ గ్రూపుల్లో పడేశాం.

అచీవ్‌మెంట్ నామినేషన్లు ఒక్క రాత్రిలో నిండిపోయాయి. గచ్చిబౌలి నుంచి న్యూజెర్సీ దాకా ఎంతమంది వైస్ ప్రెసిడెంట్లున్నారో నాకప్పుడే తెలిసింది. లింక్డ్ఇన్ లింకులు, కోటు వేసుకున్న ఫోటోలు, ఒక్కో బ్యాచ్ వాళ్లు తమవాడి కోసం ఓట్ల క్యాంపెయిన్ లాగా మెసేజ్‌లు. సర్వీస్‌కి మాత్రం రెండంటే రెండే వచ్చాయి, అందులో ఒకటి ఆయన్ని ఆయనే నామినేట్ చేసుకున్నది, దాంతోపాటు పేపర్ కటింగులు కూడా పెట్టాడు, ఏంటా అని చూస్తే తన పుట్టినరోజు నాడు ఆస్పత్రిలో అరటిపళ్లు పంచుతున్న ఫోటో, పేషెంటు కంటే ఈయనే కెమెరా వైపు ఎక్కువ చూస్తున్నాడు.

సాధించినవాళ్లని గౌరవించొద్దని నేననను. మన సిటీకి అది సరదా, అలవాటు కూడా. బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ మాటొస్తే అక్కడ చదివి పెద్ద పెద్ద సంస్థలకి అధిపతులైన సత్య నాదెళ్ల, శంతను నారాయణ్, అజయ్ బంగా అని ఒక్క గుక్కలో చెప్పేస్తారు, ఆ స్కూల్‌తో ఏ సంబంధం లేని ఆటోడ్రైవర్ కూడా చెప్తాడు. నిజాం కాలేజీ వాళ్లకి రాకేశ్ శర్మ ఉన్నాడు, 1984లో అంతరిక్షంలోకి వెళ్లొచ్చినాయన, ఇంకేం కావాలి. ఓయూ ఇంజనీరింగ్ వాళ్లు శంతను నారాయణ్‌ని మళ్లీ తమ లెక్కలో వేసుకుంటారు, హక్కుందిలే, ఆయన బీఈ చేసింది అక్కడే. కాకపోతే ఆల్రెడీ ప్రపంచమంతా చప్పట్లు కొట్టినవాళ్లకి మనం కప్పే శాలువా వల్ల వాళ్లకి కొత్తగా వచ్చేదేం లేదు, వచ్చేది కాలేజీకే, ఒక ఫోటో, ఒక బ్రోషర్.

ఇక ఆ ఫోటో వెనక నాక్ కథ ఒకటుంది, బయటివాళ్లకి తెలీదు. నాక్ అంటే కాలేజీల నాణ్యత చూసే జాతీయ సంస్థ, వాళ్లు కాలేజీకి గ్రేడ్ ఇచ్చేటప్పుడు ఐదో క్రైటీరియన్‌లో అలుమ్ని ఎంగేజ్‌మెంట్ అని ఒక భాగం ఉంటుంది. అసోసియేషన్ రిజిస్టర్ అయ్యిందా, కాలేజీకి ఏమైనా ఇచ్చిందా, ఎంత ఇచ్చింది, ఇవన్నీ అడుగుతారు. అందుకే కొన్ని కాలేజీలకి పూర్వ విద్యార్థులు సరిగ్గా నాక్ తనిఖీ బృందం (పీర్ టీమ్) వచ్చే ముందే గుర్తొస్తారు. అప్పటిదాకా గేటు దగ్గర వాచ్‌మన్ ఆపేసిన మనిషిని ఆ నెలలో మాత్రం పూలబొకేతో లోపలికి తీస్కెళ్తారు. తప్పు పట్టట్లేదు, ఆ మార్కుల భయం లేకపోతే అది కూడా జరగదు మరి.

మరిచిపోవడం కూడా మన దగ్గర బాగానే నడుస్తుంది. ఇవాళ ఉస్మానియా మెడికల్ కాలేజీ అంటున్నది 1846లో హైదరాబాద్ మెడికల్ స్కూల్‌గా మొదలైంది. 1880ల్లో ఎడ్వర్డ్ లారీ ప్రిన్సిపాల్‌గా ఉన్నప్పుడు క్లోరోఫాం మత్తు ఎంతవరకు సేఫ్ అని తేల్చడానికి నిజాం డబ్బుతో ఇక్కడే ప్రయోగాలు చేశారు. ఆ రోజుల్లో అక్కడ చదువుకున్న రూపాబాయి ఫర్దూన్‌జీ మత్తు డాక్టర్ అయింది, ప్రపంచంలోనే ఆ పని చేసిన మొదటి ఆడవాళ్లలో ఒకరు, తర్వాత ఎడిన్‌బరో దాకా వెళ్లి చదువుకొచ్చి మళ్లీ ఈ ఊరి ఆస్పత్రుల్లోనే పని చేసింది. ఆఫ్జల్‌గంజ్ బస్టాప్‌లో నిలబడి ఆవిడెవరో అడగండి, పదిమందిలో ఒక్కరు చెప్తే గొప్ప. డాక్టర్లని అడిగినా నాకు అదే అనుమానం.

సరే, మా కమిటీ గొడవకొస్తా. నేను మొదటి మీటింగ్‌లోనే చెప్పాను, సేవ చేసినవాళ్లు ఎవరని బ్యాచ్‌మేట్లని అడిగితే మనకి దొరకరు, కాలేజీలో ఇప్పుడు చదువుతున్న పిల్లల్ని అడగాలి, ఆఫీసులో క్లర్కుల్ని అడగాలి, ఎవరి చేతికి అందిందో వాళ్లకే కదా ఇచ్చినవాడు తెలిసేది అని. మా సెక్రటరీ అన్న నవ్వి, "అయితే నువ్వే పోయి అడుగు" అన్నాడు. పోయాను.

ఆఫీసులో ముందు చాయ్, తర్వాత ఉస్మానియా బిస్కెట్లు, తర్వాత పాత ప్రిన్సిపాళ్ల మీద కంప్లైంట్లు, వీటన్నిటి తర్వాత కూడా పేరు ఒక్కటీ రాలేదు. కెమిస్ట్రీ ల్యాబ్ దగ్గర అటెండర్ అన్న బీకర్లు కడుగుతున్నాడు. నేను చదివినప్పుడూ ఆయనే, అప్పుడు జుట్టు నల్లగా ఉండేది. విషయం చెప్తే చేతులు తుడుచుకుంటూ నా వైపు జాలిగా చూశాడు.

"గా ఆర్టీసీ సార్ పేరు ఎవ్వరు చెప్పలేదా సార్ మీకు? గింతమంది ఉండి?"

ఆ ఆర్టీసీ సార్ మా కాలేజీలో బీకాం చదివి డిపోలో క్లర్క్‌గా రిటైర్ అయినాయన. ఎగ్జామ్ ఫీజు నోటిఫికేషన్ వచ్చిందంటే చాలు ఆఫీసులో ప్రత్యక్షం. ఫీజు కట్టనివాళ్ల లిస్టు అడుగుతాడు. మామూలుగా ఏమవుతుందంటే, గడువు దాటితే లేట్ ఫీజు, ఇంకా దాటితే ఇంకా ఎక్కువ లేట్ ఫీజు, అలా పెరిగీ పెరిగీ చివరికి పిల్లాడు ఈ సెమిస్టర్ వదిలేద్దాం, సప్లీలో రాసుకుందాం అనుకుంటాడు, ఆ ఒక్క సెమిస్టర్‌తో మొదలై చదువే ఆగిపోయినవాళ్లని నేనే చూశాను. ఈయన ఆ లేట్ ఫీజు మొదలు కాకముందే కట్టేస్తాడు. ఆడపిల్లలకి 2023 డిసెంబర్ నుంచి మహాలక్ష్మి స్కీమ్‌లో బస్సు ఫ్రీ కాబట్టి ఆ ఖర్చు తప్పింది, మగపిల్లలకి బస్‌పాస్ కూడా ఈయనే కొందరికి చేయించాడట.

దేవుడిలాంటి మనిషి అనుకుంటున్నారా, ఆగండి. విపరీతమైన కోపం ఆయనకి. ఫీజు కట్టే ముందు అటెండెన్స్ రిజిస్టర్ తెప్పించి చూస్తాడు, తక్కువుంటే అందరి ముందే తిడతాడు, సెల్‌ఫోన్ ఏ మోడల్ అని అడుగుతాడు, ఒక పిల్లాడు ఏడ్చుకుంటూ బయటికొచ్చాడని కూడా విన్నాను. నేను ముగ్గురు నలుగురు స్టూడెంట్స్‌తో మాట్లాడితే అందరూ ఒకటే మాట, "తిడ్తడు సార్, కానీ కడ్తడు." ఇంతకన్నా మంచి సైటేషన్ మా కమిటీలో ఇంగ్లీష్ ఎంఏ చేసినవాళ్లు కూడా రాయలేరు.

పిల్లలు ఇంకో పేరు కూడా చెప్పారు. మా కాలేజీలోనే చదివిన ఒక మేడం, బ్యాంకులో పని చేస్తుంది, సెలవు శనివారాల్లో వచ్చి లైబ్రరీలో కూర్చుంటుంది. ఆవిడ చేసే పని వింటే చాలా చిన్నగా అనిపిస్తుంది. ఈపాస్ అనే గవర్నమెంట్ వెబ్‌సైట్‌లో స్కాలర్‌షిప్‌కి అప్లై చేసినవాళ్లకి డబ్బులు రాకపోతే ఎక్కడ ఆగిందో వెతికి పెడుతుంది. టెన్త్ మెమోలో పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటుంది, ఇంటిపేరు ముందా వెనకా అన్నదానికే అప్లికేషన్ కూర్చుండిపోతుంది. ఇన్‌కమ్ సర్టిఫికెట్ కోసం మీసేవ చుట్టూ తిరగాలి. అన్నీ అయ్యాక కూడా డబ్బు పడదు, ఎందుకంటే అకౌంట్‌కి ఆధార్ లింక్ అయ్యింది అంటే సరిపోదు, బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ దగ్గర ఆ ఆధార్‌కి మ్యాపింగ్ ఏ బ్యాంకుకి ఉందో ఆ అకౌంట్‌కే గవర్నమెంట్ డబ్బు పోతుంది. పిల్లాడు ఎప్పుడో వాళ్ల ఊళ్లో తీసిన అకౌంట్‌కి మ్యాపింగ్ ఉంటుంది, దాని పాస్‌బుక్ ఎక్కడుందో వాళ్లమ్మకి కూడా తెలీదు. బ్యాంకు పనిలో ఉన్న మనిషికి ఇది ఐదు నిమిషాల్లో అర్థమయ్యే సంగతి, ఫస్టియర్ పిల్లకి ఏడాది పట్టినా అర్థం కాదు. ఆవిడ జేబులోంచి ఒక్క రూపాయి పెట్టలేదు. అందుకే మా ఫామ్‌లో "విరాళం ఎంత" అన్న కాలమ్‌లో ఆవిడకి సున్నా వస్తుంది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, లేకపోతే అమెరికాలో ఉన్న మా ఫ్రెండ్స్ ఫీలవుతారు. నిజంగా పెద్ద మనసుతో ఇచ్చినవాళ్లున్నారు. మన బాపట్లలో పుట్టిన కృష్ణా చివుకుల 2024లో ఐఐటీ మద్రాస్‌కి 228 కోట్లు ఇచ్చాడు. నందన్ నీలేకని 2023లో ఐఐటీ బాంబేకి 315 కోట్లు. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి అమెరికాలో స్థిరపడిన డాక్టర్ ఉమా గవిని 2022లో గుంటూరు గవర్నమెంట్ జనరల్ హాస్పిటల్ (జీజీహెచ్)లో తల్లీపిల్లల బిల్డింగ్ కోసం 20 కోట్లు ఇచ్చింది, నాకైతే ఇదే అన్నిటికన్నా పెద్దది, ఎందుకంటే ఐఐటీకి ఒకరు కాకపోతే ఇంకొకరు ఇస్తారు, జీజీహెచ్‌లో కాన్పుకొచ్చే ఆడవాళ్లకి ఎవరిస్తారు.

మరి మాలాంటి మామూలు డిగ్రీ కాలేజీకి ఎవరైనా ఇద్దామనుకున్నా ఈజీ కాదు. మా బ్యాచ్‌మేట్ ఒకడు డాలర్లు పంపుతా అకౌంట్ నంబర్ ఇవ్వమన్నాడు, వాడికి అమెరికా సిటిజన్‌షిప్ వచ్చేసింది. ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకి మన గవర్నమెంట్ ఇచ్చేది) ఉంది కదరా అంటాడు. ఓసీఐ ఉన్నా లెక్కలోకి రాదు, వేరే దేశం పౌరుడు ఇచ్చింది విదేశీ విరాళమే, విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేని అసోసియేషన్ అది తీసుకోకూడదు. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్న ఎన్ఆర్ఐ అయితే తన పొదుపులోంచి బ్యాంకు ద్వారా పంపినది ఈ లెక్కలోకి రాదు, అంటే ఒకే రూమ్‌లో ఉండే ఇద్దరు ఫ్రెండ్స్‌లో ఒకడు ఇవ్వొచ్చు, ఇంకొకడు ఇవ్వకూడదు! రిజిస్ట్రేషన్ ఉన్న వేరే సంస్థకి పంపి అక్కడి నుంచి మనకి మళ్లిద్దామా అంటే 2020లో చట్టం మార్చాక అదీ కుదరదు, తీసుకున్న సంస్థే ఖర్చు పెట్టాలి. ఇక్కడున్నవాళ్లకైతే ట్యాక్స్ మినహాయింపు కోసం 80జీ అని పిలిచే రసీదు కావాలి, అది పాత ట్యాక్స్ పద్ధతిలో ఉన్నవాళ్లకే పనికొస్తుంది, క్యాష్‌గా 2,000 దాటి ఇస్తే వాళ్లకీ పనికిరాదు. ఇవన్నీ ముందే గ్రూప్‌లో చెప్తే సగం మంది లెఫ్ట్ అయిపోతారని మా ట్రెజరర్ భయం.

ఫైనల్ మీటింగ్‌లో అసలు యుద్ధం జరిగింది. ఆర్టీసీ సార్ పేరు నేను చెప్పగానే ఒకాయన బైలాస్ తీశాడు, లైఫ్ మెంబర్‌కే అవార్డు ఇవ్వాలట, ఈయన మెంబర్ కాదు. సరే మెంబర్‌షిప్ కట్టమని అడుగుదామని ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాం. అటువైపు నుంచి, "ఆ పైసలతో ఇద్దరు పిల్లల ఫీజు అయితది, మీ మెంబర్‌షిప్ ఏం జేస్కోను? ఫోన్ పెట్టు." పెట్టేశాడు. రూమంతా సైలెంట్, తర్వాత మా సెక్రటరీ అన్నే పడీ పడీ నవ్వాడు. అవార్డుల వరకు ఆ రూల్ వర్తించదని తీర్మానం రాసి సంతకాలు పెట్టించాం, బైలాస్ తీసినాయన చివర్లో పెట్టాడు, మొహం మాడ్చుకునే పెట్టాడు.

ఫంక్షన్ గురించి ఎక్కువ రాయను. స్టార్ హోటల్ వద్దని కాలేజీ సెమినార్ హాల్లోనే పెట్టాం, గుడిమల్కాపూర్ నుంచి దండలు, మధ్యాహ్నం బిర్యానీ, డబల్ కా మీఠా. చిక్కడపల్లి త్యాగరాయ గానసభ వైపు సాయంత్రాలు వెళ్లేవాళ్లకి తెలుసు శాలువాల సీజన్ అంటే ఎలా ఉంటుందో, మా దగ్గర మాత్రం ఒక్క మార్పు చేశాం, చీఫ్ గెస్ట్ కాకుండా ఆ సాయం అందుకున్న పిల్లలే మొమెంటో ఇచ్చారు. వైస్ ప్రెసిడెంట్ ఒకాయనకీ ఇచ్చాం, మంచివాడే, బాగానే మాట్లాడాడు, కొంచెం ఎక్కువసేపు. బ్యాంకు మేడం రెండు నిమిషాల్లో ముగించి, ఫైనలియర్ వాళ్లు ఎవరెవరు ఇంకా స్కాలర్‌షిప్ రెన్యూవల్ చేసుకోలేదో చేతులెత్తమంది. స్టేజీ మీదే. ఆర్టీసీ సార్ వచ్చాడా అంటే వచ్చాడు, దండ వేయించుకున్నాడు, శాలువా ఎంత పడ్డది అని అడిగి రేటు విని మమ్మల్ని తిట్టాడు.

వచ్చే ఏడాదికి ఫామ్ మార్చేశాను. నామినేట్ చేసేవాళ్లు తమ బ్యాచ్‌వాళ్ల పేరు రాయకూడదు, ఆయన వల్ల పని జరిగిన ఒక్కరి ఫోన్ నంబరైనా ఇవ్వాలి, ఆ మనిషికి మేమే కాల్ చేసి కనుక్కుంటాం. అచీవ్‌మెంట్‌కి కూడా ఇదే పెడదామంటే ఇంకా పంచాయితీ నడుస్తోంది.

ఇంకో పంచాయితీ కూడా. ల్యాబ్ అటెండర్ అన్నని కమిటీలో వేద్దామన్నాను, స్టాఫ్ కదా ఎలా అన్నారు. తీరా చూస్తే ఆయన ఉద్యోగం చేస్తూనే మా కాలేజీ ఈవెనింగ్ సెక్షన్‌లో బీఏ పూర్తి చేశాడు, అంటే మన అలుమ్నినే, సర్టిఫికెట్ జిరాక్స్ తెచ్చి చూపించాడు. ఇప్పుడు ఆయన అడుగుతున్నది ఒక్కటే, లైఫ్ మెంబర్‌షిప్ వాయిదాల్లో కట్టొచ్చా అని. ట్రెజరర్ ఇంకా ఏమీ తేల్చలేదు.