చలి టైర్ల మార్కులు

మ్యూనిక్‌లో ఉంటున్న మా చెల్లెలు తన కారుకు చలికాలపు టైర్లు కొనదలచి, జర్మనీ మోటారు క్లబ్బు ఆడాక్ వారి పరీక్షా ఫలితాలు పంపి సలహా అడగడంతో, విజయవాడ ఉక్కపోతలో కూర్చుని మంచు మీద బ్రేకుల సంగతి చదివాను. అక్కడి మార్కులు మన బడి మార్కులకు తలకిందులు. అంకె తగ్గేకొద్దీ టైరు మెరుగన్నమాట.

మొత్తం మార్కు ఒక్కటే చూసి కొనడం నాకు నచ్చదు. ఊళ్లో మంచు తీసేసిన రోడ్డు ఎక్కువగా తడిగానే ఉంటుంది కాబట్టి, ఆమెకు తడి రోడ్డు మీద బ్రేకు పట్టే వరుసే ముఖ్యం, ఆ తరువాతే మంచు. చప్పుడు సంగతి చివర చూసుకోవచ్చు. ఉష్ణోగ్రత 7 డిగ్రీల లోపుకు దిగితే వేసవి టైరు రబ్బరు గట్టిపడి పట్టు తగ్గుతుంది, చలి టైరు మాత్రం మెత్తగానే ఉంటుంది. మన ఆటోనగర్ ఎండలో ఆ మెత్తదనమే దానికి చేటు, ఇట్టే అరిగిపోతుంది.

గాడి లోతు 1.6 మిల్లీమీటర్లుంటే చట్టానికి సరిపోతుంది గానీ, మంచుకు 4 ఉండాలన్నది ఆడాక్ సలహా. అందుకే తడిలో మంచి మార్కు వచ్చి, నిదానంగా అరిగే టైరునే ఎంచుకోమన్నాను. పక్కగోడ మీద మూడు శిఖరాల నడుమ మంచురేకు గుర్తునూ, తయారైన వారాన్నీ ఏడాదినీ తెలిపే నాలుగంకెలనూ బిగించక ముందే చూసుకోమన్నాను.